జవాబు ముందే రాసుకోవడం ఎక్కడ నేర్చుకున్నారు?

ఒడిశాలోని గజపతి, రాయగడ, గంజాం, కొరాపుట్ జిల్లాల ప్రాథమిక బడుల ఉపాధ్యాయులకు, బడి కమిటీల సభ్యులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. ఒక కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలలో సామాను చూసుకుంటూ, పగిలిన గాజు గొట్టాల లెక్క రాసుకుంటూ ఉద్యోగం ముగించినవాణ్ని. ల్యాబ్ అసిస్టెంటుకు పాఠం చెప్పే బాధ్యత ఉండదు కాబట్టి చుట్టూ చూడడానికి తీరిక ఎక్కువ. ఆ తీరికలో చూసినదే మీకు చెప్పాలని ఈ ఉత్తరం. మొదలు డిగ్రీ పిల్లలతో పెడుతున్నాను గానీ రాస్తున్నది మీకే. వాళ్లు మా గది గడప తొక్కేనాటికి జరగవలసింది జరిగిపోయి ఉండేది.

లోలకం ప్రయోగం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. దారానికి ఇనుప గుండు కట్టి ఊపి, ఇరవై ఊపులకు ఎంతసేపు పట్టిందో చూసి, దాన్నుంచి గురుత్వ త్వరణం లెక్క కట్టాలి. పుస్తకంలో దాని విలువ 980 అని ఉంటుంది, సెంటీమీటర్ల లెక్కన. మా పిల్లలు చాలామంది ఏం చేసేవారంటే, రికార్డు చివరి గడిలో ముందుగా పెన్సిలుతో 980 వేసుకునేవారు. తర్వాత అక్కడి నుంచి వెనక్కి లెక్క చేసుకుంటూ పైగడుల్లో రీడింగులు నింపేవారు. స్టాప్‌వాచ్ బల్ల మీద కదలకుండా ఉండేది. గుండు మాత్రం మర్యాద కోసం ఊగుతూ ఉండేది.

భూమి ధ్రువాల దగ్గర కాస్త అణగి, నడుమ ఉబ్బి ఉంటుంది, పైగా తిరుగుతూ ఉంటుంది. అందువల్ల ఆ విలువ అన్నిచోట్లా ఒకేలా ఉండదు. మన పర్లాకిమిడి అక్షాంశం దగ్గర అది దాదాపు 978.6. అందరి రికార్డుల్లోనూ అంత చక్కగా వచ్చిన 980 అసలు మన ఊరిది కానే కాదు! మా గుండుతో, మా వాచీతో ఆ కాస్త తేడా పట్టుకోవడం కష్టమేననుకోండి. నిజాయతీగా చేస్తే ఒకరికి 960, ఇంకొకరికి 1000 వస్తే వింతేమీ లేదు. వింతంతా అందరికీ ఒకే అంకె రావడంలో ఉంది. ఒక అమ్మాయికి 964 వచ్చింది. ఎందుకిలా వచ్చిందని పక్క బల్ల వాళ్లను అడిగింది. "ఎందుకులే, సరిచేసెయ్" అన్నారు. సరిచేసేసింది.

వాళ్లు సోమరులు కారు. లెక్క వెనక నుంచి ముందుకు కట్టడానికి నిజానికి తెలివి ఎక్కువే కావాలి. జవాబు ముందే ఉంటుందని, మన పని అక్కడికి చేరినట్టు కనిపించడమేనని వాళ్లు చాలా చిన్నప్పుడే నేర్చుకున్నారు. ఎంత చిన్నప్పుడు అని ఆలోచిస్తూపోతే ఒకటో తరగతి, రెండో తరగతి దగ్గరే ఆగవలసి వచ్చింది. అందుకే మీకు రాస్తున్నాను.

మన పిల్లల సంగతి మిగతా చోట్ల పిల్లలకంటే కొంచెం చిక్కు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, సంతకు వెళ్తే సవర, కొండ దారి పట్టి రాయగడ వైపు వెళ్తే కువి. నాలుగేళ్ల పిల్ల ఈ భాషలన్నింటిలోనూ చకచకా అడుగుతూనే ఉంటుంది. బడిలో చేరాక అడగవలసిన భాష ఒక్కటే అవుతుంది. తెలుగు బడి దొరికినవాళ్లకు కొంత నయం. ఆ బడులు ఎలా తగ్గిపోతున్నాయో, ఉన్నచోట పుస్తకాలు ఎప్పుడు చేరుతున్నాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. మిగతావాళ్లకు ప్రశ్న ఇంటి భాషలో పుడుతుంది, దాన్ని బడి భాషలోకి మార్చుకోవాలి, మార్చేటప్పుడు తప్పు పోతే పక్కవాళ్లు నవ్వుతారు. ఈలోగా గంట కొడతారు. ఇలా కొన్నాళ్లు గడిస్తే మూడో తరగతికల్లా పిల్ల నెమ్మదస్తురాలైందని మనమే మెచ్చుకుంటాం.

ఋషికుల్య నది సముద్రంలో కలిసేచోట, గంజాం తీరంలో, ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేలకు వేలు ఒక్కసారిగా ఒడ్డుకు వచ్చి గుడ్లు పెడతాయని మీకు తెలుసు. ఆ తీరంలో చేపలు పట్టే కుటుంబాల్లో ఎక్కువమంది తెలుగువాళ్లే. ఒడియాలో నోళియా అంటారు. అక్కడి బంధువుల ఇంట్లో విన్న మాట ఇది. ఒక కుర్రవాడు తరగతిలో తాబేళ్ల పాఠం నడుస్తుండగా లేచి, గుడ్డు పెట్టేటప్పుడే అందులో ఉన్నది ఆడదో మగదో తల్లికి తెలుస్తుందా అని తెలుగులో అడిగాడట. ఒడియాలో అడగమన్నారు. కూర్చున్నాడు. అంతే.

గుడ్డు పెట్టేటప్పటికి ఆ సంగతి తల్లికే కాదు, గుడ్డుకూ తెలియదు! ఈ తాబేళ్లలో పిల్ల ఆడదా మగదా అన్నది గుడ్డు పొదిగే రోజుల్లో ఇసుక వేడిని బట్టి తేలుతుంది. వేడి ఎక్కువైతే ఆడవి, తక్కువైతే మగవి పుడతాయి. సరీసృపాల్లో ఇలా జరుగుతుందని శాస్త్రవేత్తలు మొదటిసారి గమనించింది 1966లో, అదీ ఆఫ్రికాలో ఒక రకం తొండ మీద. తాబేళ్ల సంగతి ఆ తర్వాతే తేలింది. ఒక్క ఉష్ణమాపకం ఉంటే ఆ కుర్రవాడే జానెడు లోతులో ఇసుక ఎంత వేడిగా ఉందో, మూరెడు లోతులో ఎంత ఉందో, సరుగుడు చెట్ల నీడలో ఎంత ఉందో కొలిచి ఉండేవాడు. గూళ్ల జోలికి పోనక్కర్లేదు, పోకూడదు కూడా. ఉత్త ఇసుక చాలు.

భాష సంగతి వచ్చింది కాబట్టి గిడుగు రామమూర్తి గారిని తలుచుకోకుండా ఉండలేను. ఆయన మన పర్లాకిమిడిలోనే బడిపంతులుగా పనిచేశారు. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసి, వ్యావహారిక భాష గురించి గ్రాంథికంలో ఉపన్యాసాలు ఇస్తాం. సవర పిల్లలకు చదువు వాళ్ల భాషలోనే మొదలుకావాలని ఆయన ఆ భాష నేర్చుకున్నారు, వాచకాలు తయారుచేశారు, బడులు పెట్టించారు. తెలియని భాష నేర్చుకోవడానికి ఆ భాషవాళ్లను అడగడం తప్ప వేరే దారి ఆయనకు లేదు. చదువుకున్న బ్రాహ్మణుడు కొండ మీది సవరను గురువుగా కూర్చోబెట్టుకుని అడిగాడు. మన తరగతిలో సవర పిల్ల ఒక చెట్టును చూపించి తన భాషలో ఏదో అంటే, "దానికి అర్థం చెప్పమ్మా" అని అడగడానికి మనకేం అడ్డం?

ఒడియా పాఠాల్లో పఠాని సామంత గురించి మీరు చెప్పే ఉంటారు. ఖండపడా రాజకుటుంబంలో 1835లో పుట్టిన సామంత చంద్రశేఖర్‌ను ఊరివాళ్లు పిలిచే పేరు అది. దుర్భిణి లేదు, ఇంగ్లీషు చదువు లేదు. వెదురు బొంగులు, కర్రముక్కలతో కోణాలు కొలిచే మానయంత్రం వంటివి చేసుకుని గ్రహాల కదలికలు కొలిచి, సిద్ధాంత దర్పణం రాశాడు. అది 1899లో అచ్చయింది. మనం పిల్లలకు ఇంతవరకే చెప్పి చప్పట్లు కొట్టిస్తాం. ఆయన లెక్కలో గ్రహాలు సూర్యుడి చుట్టూ, సూర్యుడు భూమి చుట్టూ తిరుగుతారని కూడా చెప్పాలి. ఆ మాట తప్పు. కొలతలు మాత్రం చేతి పనిముట్లతో చేసినవాటిలో చూసినవాళ్లు ముక్కున వేలేసుకునేంత బాగా ఉన్నాయి. అంత బాగా కొలిచిన మనిషి ఆ తీర్మానానికి ఎందుకు వచ్చాడు? ఐదో తరగతి పిల్లలను ఒక పూటంతా కూర్చోబెట్టగల ప్రశ్న ఇది. మహానుభావుడని చెప్పి వదిలేస్తే పిల్లలకు చెయ్యడానికి ఏమీ మిగలదు.

ఇప్పుడు కర్ర సంగతి. నేను అడగబోయే పెద్ద కోరిక ఇదే కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, నీడ కాళ్ల కిందికి వస్తుంది అని మనమంతా అనుకుంటాం. ఉపాధ్యాయులను అడిగి చూశాను, గుమాస్తాలను అడిగాను, మా కళాశాలలో ఎమ్మెస్సీ చదివినవారినీ అడిగాను. నూటికి తొంభై మంది అదే అన్నారు. బడి ఆవరణలో మీటరు పొడవున్న కర్ర నిలువుగా పాతండి. నిలువుగా ఉందో లేదో చూడడానికి దారం కట్టిన రాయి చాలు. వారానికి ఒకసారి, మధ్యాహ్న భోజనానికి ముందు, నీడ అన్నింటికంటే పొట్టిగా ఉన్నప్పుడు దాని కొసన సున్నంతో గుర్తు పెట్టించండి. డిసెంబరు చివరికి వచ్చేసరికి ఆ మధ్యాహ్నపు నీడ దాదాపు 90 సెంటీమీటర్లు ఉంటుంది. నడినెత్తిన సూర్యుడు అన్న మాట అక్కడే పడిపోతుంది. సంక్రాంతి దాటాక నీడ తగ్గుతూ వస్తుంది. మన జిల్లాల్లో నీడ పూర్తిగా మాయమయ్యే రోజులు ఏడాదికి రెండే: మే మధ్యలో ఒకటి, జులై చివరి వారంలో ఒకటి, ఊరిని బట్టి రెండు మూడు రోజులు అటూ ఇటూ. ఆ రెండింటి మధ్య ఉన్న రోజుల్లో మధ్యాహ్నం నీడ ఉత్తరం వైపు కాకుండా దక్షిణం వైపు పడుతుంది. వేసవి సెలవులు అయ్యాక బడి తెరిచేది సరిగ్గా ఆ రోజుల్లోనే. ఒక్క ఎండ రోజు దొరికితే చాలు, నీడ వెనక్కి తిరిగిందని పిల్లలే కేక పెడతారు.

అప్పుడు వాళ్లు ఎందుకని అడుగుతారు. ఇక్కడే నా వేడుకోలు. వెంటనే చెప్పకండి. భూమి ఇరవై మూడున్నర డిగ్రీలు వాలి ఉందని మీ నాలుక చివర ఆడుతూ ఉంటుంది, నాకు తెలుసు. ఆ వాక్యం చెప్పిన క్షణం నుంచి కర్రతో వాళ్లకు పని ఉండదు, అది మరో 980 అయిపోతుంది. "నువ్వేమనుకుంటున్నావు? అలా అయితే వచ్చే నెల ఎలా ఉండాలి?" అని అడిగి వదిలేయండి. తప్పులు చెబుతారు. చెప్పనివ్వండి. కర్ర దిద్దుతుంది, మీరు దిద్దనక్కర్లేదు. ఆగస్టు మొదట్లో నీడ మళ్లీ ఉత్తరానికి తిరిగేసరికి ముగ్గురు నలుగురైనా సరైన దారిలో పడతారు. వాలు సంగతి అప్పుడు చెబితే ఎక్కుతుంది.

గ్రహణాల దగ్గర మాత్రం నాకు కొంచెం కోపం ఉంది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం దక్కను మీదుగా వచ్చి పూరీ, కోణార్క్ వైపు సముద్రం మీదికి వెళ్లింది. మధ్యాహ్నం దాటాక వెలుగు మాసిపోతుంటే మా వీధిలో తలుపులన్నీ వేసే ఉన్నాయి. మా పెద్దవాళ్లకు భయం, దాన్ని నేను తప్పుపట్టను. కళ్లు కాపాడుకోవాలన్నది నిజమే కదా. 2022 అక్టోబరు 25న పాక్షిక సూర్యగ్రహణం వచ్చినప్పుడు రాష్ట్రంలో ప్రభుత్వమే సెలవు ఇచ్చింది, బడులు మూసేశారు. సెలవు ఇస్తే ఇచ్చారు, ఆ ముందు రోజుల్లో ఒక్కొక్క పిల్ల చేతికి సూదితో బెజ్జం పెట్టిన అట్టముక్క ఇచ్చి పంపితే ఏం పోయేది? సూర్యుడికి వీపు పెట్టి నిలబడి, బెజ్జం గుండా వెలుగును గోడ మీద పడనిస్తే కొరికిన సూర్యుడు అక్కడ కనిపిస్తాడు. నేరుగా మాత్రం చూడకూడదు, ఎక్స్‌రే ఫిల్ములో నుంచి కూడా చూడకూడదు. చంద్రగ్రహణానికి ఆ బెడద కూడా లేదు. 2025 సెప్టెంబరు 7, ఆదివారం రాత్రి దేశమంతటా కనిపించింది. చంద్రుడి మీదికి పాకే భూమి నీడ అంచు గుండ్రంగా ఉండడాన్ని రెండువేల మూడువందల ఏళ్ల కిందటే అరిస్టాటిల్ భూమి గుండ్రమనడానికి సాక్ష్యంగా చూపించాడు. వాకిట్లో చాప వేసుకుని పడుకుని ఏ పిల్లవాడైనా చూడగల సాక్ష్యం అది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పిల్లలను ప్రశ్నలకు అలవాటు చేస్తే దేవుణ్ని కూడా ప్రశ్నిస్తారని, పెద్దలంటే గౌరవం పోతుందని కొందరు తల్లిదండ్రులు బడికి వచ్చి అంటున్నారని విన్నాను. రాయగడ వెళ్తే మజ్జిగౌరమ్మకు దణ్ణం పెట్టుకోకుండా తిరిగిరాని మనిషిని నేను. భక్తి వేరు, భయం వేరు. చిల్లంగి పెట్టిందని ముసలమ్మను ఊరి నుంచి వెళ్లగొట్టడం, కడుపునొప్పి వచ్చిన పసిబిడ్డకు కాల్చిన ఇనుముతో వాతలు పెట్టడం ఏ దేవుడు అడిగాడు? మంత్రగత్తె అని ముద్ర వేసి హింసించడాన్ని ఆపడానికి ఒడిశా 2013లో చట్టం చేసింది. చట్టం వచ్చేది దెబ్బ పడ్డాక. "ఆమె చూస్తే జ్వరం వచ్చిందా? మరి ఆమె చూడని ఇంట్లో ఎందుకు వచ్చింది?" అని ఒక్క పిల్ల ఇంట్లో అడిగితే అది అంతకంటే ముందు పనిచేస్తుంది. మలేరియా మన కొండల్లో తరాలుగా ఉంది. దోమ పొట్టలో దాని పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ చూసింది 1897 ఆగస్టు 20న, తెలుగు నేల మీదే, సికింద్రాబాదులో.

అడగడం ప్రాణాలు కాపాడే సందర్భాలు తుపానుల్లో చూశాం. 2013 అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్, 2018 అక్టోబరు 11న పలాస వైపు తీరం దాటి మన గజపతి జిల్లా కొండలను కూల్చిన తిత్లీ, రెండూ దసరా రోజుల్లోవే. దసరాకే ఎందుకు వస్తుంది అని పిల్లలు అడుగుతారు. సముద్రం వేడి, గాలుల తిరుగుడు, వానాకాలం వెనుదిరిగే వేళ, ఇవన్నీ ఆ ఒక్క ప్రశ్నలో ఉన్నాయి. ఇంకో ప్రశ్న మరీ ముఖ్యం: గాలి ఉన్నట్టుండి ఆగిందేమిటి, అయిపోయిందా? తుపాను కన్ను మీదుగా వెళ్లేటప్పుడు అలా ఆగుతుంది. అది నమ్మి రేకులు సరిచేసుకుందామని పెద్దవాళ్లు బయటికి వెళ్తారు. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి అంతే బలంతో విరుచుకుపడుతుంది. పళ్లెంలో నీళ్లు తిప్పి, పైన కాగితపు ముక్కలు వేసి, సుడి అటువైపునా ఇటువైపునా ఎలా వెళ్తోందో చూసిన పిల్లకు ఎదురు దిక్కు ఎందుకో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ పిల్లే తాతను లోపలికి లాగుతుంది.

సైన్సు ప్రదర్శనల గురించి కొంచెం చెప్పి వదిలేస్తాను. న్యాయనిర్ణేతల పక్కన కుర్చీలు సర్దడానికి నన్నూ పిలిచేవారు. మహేంద్రగిరి చుట్టుపక్కల ఎక్కడా లేని అగ్నిపర్వతం ప్రతి బడి బల్ల మీదా పేలుతుంది, వంటసోడా, వెనిగరుతో. పిల్లవాడు కంఠస్థం చేసిన నాలుగు ముక్కలు గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. మధ్యలో ఆపి ఏదైనా అడిగితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాడు. థర్మోకోలు ఖర్చు తల్లిదండ్రులది, బహుమతి బడిది, ప్రశ్న ఎవరిదీ కాదు.

మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో పదహారు బడుల్లో మొదలుపెట్టి ముప్పై ఏళ్లు వేరే విధంగా నడిపారు. పిల్లలు ప్రయోగం చేసి తమకు వచ్చింది రాసుకునేవారు, జవాబులు అచ్చువేసిన పాఠ్యపుస్తకం ఉండేది కాదు. సవాలీరాం అనే ఊహా మనిషికి పిల్లలు తమ ప్రశ్నలు ఉత్తరాలుగా రాసేవారు, వాటికి జవాబులు వచ్చేవి. 2002లో ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని ఆపేసింది. ఆ మూడు దశాబ్దాలూ అది నడిచింది పట్నపు బడుల్లో మాత్రమే కాదు, మనలాంటి పల్లె బడుల్లోనూ.

మీ కష్టం తెలియక రాస్తున్నానని అనుకోకండి. ఐదు తరగతులకు ఇద్దరు, ఒక్కోచోట ఒక్కరు. ఎన్నికల పని, సర్వేలు, గుడ్ల లెక్క, ఆన్‌లైన్‌లో నింపవలసిన పట్టికలు. అందుకే ఎక్కువ అడగను. వారంలో ఒక్క పీరియడు, తరగతి గోడకు వేలాడదీసిన ఒక నోటు పుస్తకం. అందులో పిల్లలు ఏ భాషలో అడిగితే ఆ భాషలో, వాళ్లు అన్నది అన్నట్టు రాయండి. సవర, కువి అయితే తెలుగు లిపిలోనో ఒడియా లిపిలోనో రాయండి. తప్పులు దిద్దకండి. జవాబు తెలియని ప్రశ్న వస్తే "నాకు తెలియదు, చూద్దాం" అనండి. ఆ మాట అన్న ఉపాధ్యాయుడికి విలువ తగ్గడం నేనెక్కడా చూడలేదు.

బడి కమిటీ సభ్యులకు వేరుగా ఒక మాట. విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. సమావేశంలో పైకప్పు, మరుగుదొడ్డి, వంట గది సంగతులు మాట్లాడాక ఆ నోటు పుస్తకంలోంచి ఒక పేజీ చదివించండి. చదువురాని తల్లి అయినా వింటుంది. తన బిడ్డ ఏం అడిగిందో తెలిశాక ఇంట్లో కసరడం తగ్గుతుంది. ఎవరైనా అభ్యంతరం చెబితే, శాస్త్రీయ దృక్పథాన్ని, విచారణ తత్వాన్ని పెంపొందించుకోవడం పౌరుడి విధి అని రాజ్యాంగంలోని 51ఎ అధికరణంలో 1976 నాటి సవరణతో చేరిందని చూపించండి. ప్రాథమిక దశలో భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధనకు వసతి కల్పించాలని 350ఎ అధికరణం చెబుతుందని కూడా చెప్పండి. అది 1956 నుంచీ ఉంది.

పర్లాకిమిడి, గుణుపురం, కాశీనగర్ వైపు బడులవారు ఎవరైనా కర్ర పాతుకుంటామంటే కొలత టేపు, ఒక ఉష్ణమాపకం పట్టుకుని నేనే వస్తాను. దారి ఖర్చులు నావే. మబ్బు పట్టే కాలం కాబట్టి జులై చివరి వారం అంతా ఖాళీ ఉంచుకుంటాను. ఎండ ఏ రోజు కాస్తే ఆ రోజు, పన్నెండుకు అరగంట ముందే పిల్లలను ఆవరణలోకి తీసుకురండి. మధ్యాహ్న భోజనం ఆ ఒక్క రోజుకు కాస్త ఆలస్యమవుతుందని వంటవాళ్లకు ముందుగా చెప్పి ఉంచండి.

ఇట్లు,
పదవీ విరమణ చేసిన ఒక ల్యాబ్ అసిస్టెంటు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా